దవడ ముక్కతో మొదలుపెట్టు

చిరంజీవికి ఆశీస్సులు.

నీవు పంపిన 'రాక్షసబల్లుల తరువాతి లోకం' వ్యాసం అందింది. రెండుసార్లు చదివాను. రెండోసారి పెన్సిలు పట్టుకుని చదివాను కనుక ప్రతి పేజీ అంచునా నా గీతలు కనిపిస్తాయి. వాటిని చూసి దిగులుపడవద్దు. భాష శుభ్రంగా ఉంది, వాక్యం ఎక్కడా తడబడలేదు. అయినా పద్నాలుగు పేజీలలో నీవు ఊరేగించిన ముప్పైకి పైగా జంతువులలో ఒక్కటి కూడా మర్నాటికి నాకు గుర్తు లేదు. ఎందుకా అని ఆలోచించాను. ప్రతి జంతువూ నీ వ్యాసంలోకి చర్మంతో, రంగుతో, కోపంతో సహా నడిచి వచ్చి, గర్జించి, వెళ్ళిపోయింది. అది అలా ఉండేదని మనకెలా తెలిసిందన్న మాట ఎక్కడా లేదు. ఆ జంతువును మనలో ఎవరూ చూడలేదమ్మా. మనకు దొరికింది ఒక పన్ను, ఒక దవడ ముక్క, అదృష్టం బాగుంటే ఒక పుర్రె. ముందు దాన్ని పాఠకుడి చేతిలో పెట్టు. జంతువు దాని వెనకాలే వస్తుంది.

నీ వ్యాసం నుంచే ఉదాహరణ తీసుకుంటాను. 'ఒకప్పుడు నేలమీద తిరిగిన జంతువులు క్రమంగా సముద్రంలోకి వెళ్ళి తిమింగలాలయ్యాయి' అని రాసి ముందుకు సాగిపోయావు. వాక్యంలో తప్పు లేదు. కానీ దాని వెనుక ఉన్న కథ మన దేశపు రాళ్ళలోనే దాగి ఉన్నది, దాన్ని దాటిపోవడం నాకు బాధ కలిగించింది. జమ్మూ ప్రాంతంలోని కాలాకోట్ దగ్గర ఎ. రంగారావు అనే భూగర్భ శాస్త్రవేత్త కొన్ని పళ్ళను, దవడ ముక్కలను సేకరించి, 1971లో ఆ జంతువుకు 'ఇండోహయస్' అని పేరు పెట్టారు. భారతదేశపు పంది అని దాని అర్థం. అక్కడి నుంచి ఆయన తెచ్చిన రాళ్ళు చాలా భాగం పగలగొట్టకుండానే ఏళ్ళ తరబడి ఇంట్లో ఉండిపోయాయి. ఆయన మరణించిన తరువాత ఆ రాళ్ళను ఆయన భార్య హాన్స్ థెవిసెన్ అనే శాస్త్రవేత్తకు అప్పగించారు. వాటిని శుభ్రం చేస్తుండగా థెవిసెన్ సహాయకుడి చేతిలో ఒక పుర్రె పొరపాటున విరిగి, చెవి ఎముక లోపలి భాగం బయటపడింది. ఆ ఎముక గోడ లోపలివైపు బాగా దళసరిగా, బయటివైపు పలుచగా ఉన్నది. అంతవరకు అటువంటి చెవి ఎముక తిమింగలాల కుటుంబంలో తప్ప మరెక్కడా కనబడలేదు.

ఆ ఒక్క విరుపు దగ్గర ఆగి, రెండు పేజీలు రాయవచ్చు. పిల్లికన్నా కొంచెం పెద్దదైన, గిట్టలున్న, సన్నని కాళ్ళున్న జంతువుకు తిమింగలపు చెవి ఎందుకున్నదన్న ప్రశ్న పాఠకుడిని పేజీ తిప్పనివ్వదు. తరువాత మిగిలిన సాక్ష్యాలను ఒక్కొక్కటిగా తీసుకురా. కాలి ఎముకలను అడ్డంగా కోసి చూస్తే వాటి గోడలు నీటిగుర్రం ఎముకల్లాగా మందంగా ఉన్నాయి; నీటి అడుగున తేలిపోకుండా నడవడానికి ఆ బరువు పనికివస్తుంది. పంటి పింగాణీలోని ఆక్సిజన్ రకాలను కొలిస్తే, ఆ జంతువు నీటిలో చాలా సమయం గడిపిందని తేలింది. థెవిసెన్, సునీల్ బాజ్‌పాయి, బి. ఎన్. తివారీ మొదలైనవారు 2007లో ఈ సంగతులన్నీ ప్రకటించారు. ఇండోహయస్ చేరే జంతుకుటుంబానికి శాస్త్రవేత్తలు 'రావెల్లిడే' అని పేరు పెట్టారు. అందులోని 'రావు' రంగారావుగారే. దీన్ని వ్యాసంలో ఎక్కడో అడుగున కాదు, మొదటి పేజీలోనే చెప్పు.

ఆ జంతువు రూపాన్ని వర్ణించడానికి నీవు విదేశీ జంతువులను వెతుక్కోనక్కరలేదు. నల్లమలలో మూషిక జింక ఉన్నది. హైదరాబాదు జంతు ప్రదర్శనశాలలో పెంచి అమ్రాబాద్ అడవిలో వదిలిన ఆ చిన్న ప్రాణి గురించి నీవు వినే ఉంటావు. ఆకారంలో ఇండోహయస్ దానికి దగ్గర. ఆఫ్రికాలో ఉండే దాని బంధువు ప్రమాదం వచ్చినప్పుడు నీటిలోకి దూకి దాక్కుంటుంది. తిమింగలాల కథ కూడా అటువంటి దూకుడుతోనే మొదలై ఉంటుందని కొందరి ఊహ. ఊహను ఊహగానే చెప్పు.

ఇక్కడ ఇంకొక జాగ్రత్త అవసరం. ఇండోహయస్‌ను తిమింగలాలకు 'ముత్తాత' అనవద్దు. సుమారు 4 కోట్ల 80 లక్షల ఏళ్ళ నాటి ఈ జంతువు బతికిన రోజుల్లోనే తొలి తిమింగలాలు కూడా ఇంచుమించుగా ఉన్నాయి. తాతా మనవడూ ఒకే ఈడువారు కాలేరు కదా. వరుస కలపాలంటే ఇండోహయస్‌ను చినతాత సంతతి అనుకోవాలి. ఇంతటి వరుసలున్న మన భాషలో ఈ సంగతిని చెప్పడం ఇంగ్లీషులో కన్నా సులువు. ఆ సౌలభ్యాన్ని వాడుకో.

అదే తొలి తిమింగలాల్లో ఒకటైన పాకిసెటస్ సంగతి చూడు. పాకిస్తాన్‌లో దొరికిన పుర్రె ఆధారంగా 1981లో దాన్ని వర్ణించారు. పుర్రె తప్ప మరేమీ లేదు కనుక చిత్రకారులు దానికి సగం సీలు వంటి శరీరాన్ని తగిలించి, నీటిలో చేపల వెంట పరుగెత్తించారు. 2001 నాటికి మిగతా అస్థిపంజరం తెలిసింది: అది పొడవైన కాళ్ళతో, తోడేలు వంటి ఆకారంతో నేలమీద నిలబడి ఉన్నది. ఆ ఏడాదే బయటపడిన చీలమండ ఎముకలు తిమింగలాలను జింకలు, పందులు, నీటిగుర్రాలు ఉన్న రెండు గిట్టల జంతువుల వంశంలోకి చేర్చాయి. పాత బొమ్మ తప్పని చెప్పి నవ్వుకోవడం తేలిక. పుర్రె మాత్రమే ఉన్నప్పుడు ఆ బొమ్మ ఎందుకు సబబుగా తోచిందో చెప్పడంలో నీ పనితనం కనబడుతుంది.

అంకెల విషయంలో నీ పేజీల మీద నా పెన్సిలు ఎక్కువగా తిరిగింది. కొమ్ములేని మహా ఖడ్గమృగం పారాసెరాథీరియం బరువు '30 టన్నులు' అని ఏ సంకోచమూ లేకుండా రాశావు. బలూచిస్తాన్‌లోని డేరా బుగ్తీలో దొరికిన దాని ఎముకలను 1908లో పిల్‌గ్రిమ్ వర్ణించినప్పటి నుంచి నేటి వరకు పూర్తి అస్థిపంజరం ఒక్కటీ దొరకలేదు. వేరువేరు జంతువుల ముక్కలను కలిపి, లేనివాటిని పెంచి కట్టుకుంటూ పోతే ఆ 30 టన్నులు వచ్చాయి. 1993లో ఫోర్టీలియస్, కాపెల్‌మన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఆ ఎముకలన్నింటినీ తిరిగి కొలిచి, సగటున 11 టన్నులు, మహా అయితే 15 నుంచి 20 టన్నులు ఉండవచ్చునని తేల్చారు. తమ పత్రానికి వాళ్ళు పెట్టిన పేరులో 'ఇప్పటివరకు ఊహించిన అతిపెద్ద నేల క్షీరదం' అన్న మాట ఉన్నది. 'జీవించిన' అనవలసిన చోట 'ఊహించిన' అన్నారు. అటువంటి చమత్కారం ఒక్కటి దొరికితే పది విశేషణాలు కొట్టివేయవచ్చు.

కచ్‌లోని పానంధ్రో లిగ్నైట్ గనిలో దొరికిన 27 వెన్నుపూసల ఆధారంగా 2024లో 'వాసుకి ఇండికస్' అనే మహాసర్పాన్ని ప్రకటించినప్పుడు కూడా ఇదే జరిగింది. శాస్త్రవేత్తలు సుమారు 11 నుంచి 15 మీటర్లు అన్నారు. వార్తలలో 15 మిగిలి 11 ఎగిరిపోయింది. నీవు రెండూ రాయి. మందర పర్వతానికి చుట్టిన తాడును వర్ణించాలని నీకు చేయి దురద పెడుతుందని తెలుసు. పేరు ఎక్కడిదో ఒక వాక్యంలో చెప్పి, వెన్నుపూసల దగ్గరకు తిరిగి రా.

కాలాన్ని '66 మిలియన్ సంవత్సరాలు' అని రాశావు. మన పాఠకుడు లక్షల్లో, కోట్లలో లెక్కపెడతాడు. 6 కోట్ల 60 లక్షల ఏళ్ళు అని రాస్తే అది అతనికి సంఖ్యగా కనబడుతుంది. నేను రాసేటప్పుడు ఒక చిన్న ఉపాయం వాడుతుంటాను. లక్ష సంవత్సరాలకు ఒక పేజీ చొప్పున, రాక్షసబల్లులు అంతరించిన నాటి నుంచి 660 పేజీల గ్రంథం ఉన్నదనుకుంటాను. ఇండోహయస్ 180వ పేజీ దగ్గర వస్తుంది. పారాసెరాథీరియం 320వ పేజీ దాటాక కనబడి, 430 దగ్గర మాయమవుతుంది. మన మనుషులం చివరి మూడు పేజీలలో ఉంటాం. పేజీకి నలభై పంక్తులుంటే, బుద్ధుడి నాటి నుంచి ఈ ఉత్తరం వరకు జరిగినదంతా ఆఖరి పంక్తి. ఈ లెక్కను వ్యాసంలో పెట్టనక్కరలేదు, కానీ బల్లమీద పెట్టుకుంటే ఏ జంతువు పక్కన ఏ జంతువును నిలబెట్టకూడదో తెలుస్తుంది. నీ మూడో పేజీలో మామత్ ఏనుగు, పారాసెరాథీరియం ఒకే మైదానంలో మేస్తున్నాయి.

పేర్లలోనూ జాగ్రత్త కావాలి. స్మిలోడాన్‌ను 'కత్తికోరల పులి' అన్నావు. అది పిల్లి కుటుంబానిదే గాని పులి శాఖది కాదు. 'కత్తికోరల పిల్లి' అంటే వినడానికి పౌరుషం తగ్గినా నిజం మిగులుతుంది. లాస్ ఏంజెలెస్ నగరంలోని లా బ్రియా తారు గుంటల్లో రెండు వేలకు పైగా స్మిలోడాన్‌ల ఎముకలు దొరికాయి. అక్కడ గడ్డి మేసే జంతువులకన్నా వేటాడే జంతువులే ఎన్నో రెట్లు ఎక్కువ. ఏ అడవిలోనూ అలా ఉండదు. తారులో చిక్కుకుని అరిచే ఒక్క జంతువు కోసం వేటజంతువుల గుంపు వచ్చి, అవి కూడా దిగబడిపోయాయి. గుంటలో దొరికిన లెక్కను అడవి లెక్కగా రాస్తే బోల్తా పడతాం.

బోల్తా పడడం గురించి నాకు అనుభవం ఉన్నది కనుకనే చెబుతున్నాను. నేను ఒక పత్రికలో శీర్షిక రాసే తొలి రోజుల్లో, 1980లు ముగుస్తున్న కాలంలో, రామాపిథికస్‌ను మానవజాతికి తొలి పూర్వీకుడని గర్వంగా రాశాను. శివాలిక్ కొండల్లో దొరికి, 1934లో లూయిస్ పేరు పెట్టిన ఆ దవడ ముక్కలు నేను చదువుకున్న పుస్తకాలన్నింటిలో అదే మాట చెప్పాయి. పది రోజులకు ఒక అధ్యాపకుడి దగ్గర నుంచి కార్డు వచ్చింది. పాకిస్తాన్‌లో దొరికిన శివాపిథికస్ అనే ప్రాచీన వానరం ముఖాన్ని 1982లోనే పిల్‌బీమ్ ప్రకటించారనీ, అది ఒరాంగుటాన్ ముఖాన్ని పోలి ఉన్నదనీ, రామాపిథికస్ కూడా ఆ శివాపిథికస్సేననీ, దవడ మధ్యభాగం లేనందువల్ల దాన్ని మనిషి దవడ వంపులో అతికించుకున్నారనీ ఆయన చిన్న అక్షరాల్లో రాశారు. నేను కనీసం అయిదేళ్ళు వెనుకబడి ఉన్నాను. సవరణ వేయమని అడిగితే ఆ పత్రిక వేయలేదు. ఆ కార్డును మాత్రం ఇప్పటికీ దాచుకున్నాను.

నీ మొదటి వాక్యం మార్చాలి. 'రాక్షసబల్లులు నశించిన తరువాత క్షీరదాలు పుట్టాయి' అన్నావు. క్షీరదాలు వాటితోపాటే పదిహేను కోట్ల ఏళ్ళకు పైగా బతికాయి. దానికి ఆధారం చూపడానికి నీవు చైనా దాకా వెళ్ళనక్కరలేదు. వికారాబాద్ దగ్గరి నస్కల్ గ్రామంలో, దక్కను లావా పొరల మధ్య చిక్కుకున్న బంకమట్టిని నీటిలో నానబెట్టి, సన్నని జల్లెళ్ళలో కడిగి, మిగిలిన ఇసుకను సూక్ష్మదర్శిని కింద రేణువు రేణువుగా వెదికితే, బియ్యపు గింజలో సగం కూడా లేని పళ్ళు దొరికాయి. జి.వి.ఆర్. ప్రసాద్, అశోక్ సాహ్ని 1988లో వాటిని ప్రకటించారు. ఆ జంతువు పేరు డెకనోలెస్టిస్, అంటే దక్కను దొంగ. రాక్షసబల్లుల చివరి రోజుల్లో వాటి కాళ్ళ సందున తిరిగిన ప్రాణి అది.

నీ ముగింపు కూడా నాకు నచ్చలేదు. మంచుయుగం చివర పెద్ద జంతువులన్నీ ప్రపంచమంతటా తుడిచిపెట్టుకుపోయాయని రాశావు. అమెరికా, ఆస్ట్రేలియా ఖండాలకు అది చాలావరకు వర్తిస్తుంది. మన సంగతి వేరు. కర్నూలు ప్రాంతంలోని బేతంచర్ల దగ్గరి బిలస్వర్గం గుహల్లో భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కుమారుడు 1880లలో తవ్వకాలు జరిపారు. దొరికిన ఎముకలను లైడెకర్ అనే శాస్త్రవేత్త పరిశీలించి, ఒక ఖడ్గమృగానికి కర్నూలు పేరే పెట్టాడు. ఆ గుహలను మళ్ళీ తవ్వి 2014లో ప్రకటించిన పరిశోధనలో, సుమారు రెండు లక్షల ఏళ్ళ పొరల్లో గుర్తించిన 21 రకాల క్షీరదాల్లో 20 రకాలు ఇప్పటికీ ఈ ఉపఖండంలో ఎక్కడో ఒకచోట బతికే ఉన్నాయని తేలింది. కర్నూలులో ఖడ్గమృగం లేదు, అస్సాంలో ఉన్నది. పూర్తిగా పోయినవి కూడా లేకపోలేదు: మన దేశపు నిప్పుకోడి పోయింది, రాజస్థాన్, మధ్యప్రదేశ్‌లలో దొరికిన దాని గుడ్డు పెంకుల్లో హైదరాబాదులోని సీసీఎంబీ పరిశోధనశాల శాస్త్రవేత్తలు డీఎన్‌ఏను గుర్తించి, కనీసం 25 వేల ఏళ్ళ క్రితం అది ఇక్కడ ఉండేదని 2017లో నిర్ధారించారు. ఏవి పోయాయి, ఏవి మిగిలాయి, మిగిలినవి ఎందుకు మిగిలాయి అన్న ప్రశ్నతో నీ వ్యాసాన్ని మళ్ళీ అల్లు. ముప్పై జంతువుల్లో నాలుగింటిని ఉంచుకుని తక్కినవాటిని తీసివేయి.

వేసవి రాకముందే ఒకసారి బేతంచర్ల వెళ్ళి రా. గుహల్లోకి స్థానికులను ఒకరిని వెంటబెట్టుకుని వెళ్ళు, మంచి టార్చిలైటు తీసుకువెళ్ళు. నేల మీద ఏ ముక్క కనబడినా తీయవద్దు. ఉన్నచోటే ఫొటో తీసి, పక్కన ఒక రూపాయి బిళ్ళ పెట్టడం మరచిపోకు, పరిమాణం తెలుస్తుంది. తిరిగివచ్చాక రెండో ప్రతి రాసి పంపు.

శుభాకాంక్షలతో,
నీ శ్రేయోభిలాషి