అనాఫిలిస్ దోమ లార్వాలు మూడో దశలో చచ్చిపోతుంటే ముందు మేత తగ్గించండి

చెన్నైలోని మీ ల్యాబ్‌లో అనాఫిలిస్ స్టీఫెన్సీ (మలేరియాను వ్యాపింపజేసే దోమ) లార్వాలు, అంటే నీళ్లలో పెరిగే పిల్ల పురుగులు, మూడో దశకు రాగానే గుంపులుగా చచ్చిపోతున్నాయనీ, నీళ్ల మీద తెల్లటి తెట్టు కడుతోందనీ రాశారు కదండీ. ఆ తెట్టే అసలు కారణం అనుకుంటున్నాను. మేత ఎక్కువైంది.

ఏడిస్, క్యూలెక్స్ దోమల లార్వాలకు ఉన్నట్టు అనాఫిలిస్‌కి గాలి పీల్చే గొట్టం ఉండదు. నీటి పైపొరకు ఒళ్లు ఆనించి అడ్డంగా తేలుతూ, తోకవైపున్న రంధ్రాలతోనే ఊపిరి తీసుకుంటుంది. పైన తెట్టు కమ్మితే ఇక అంతే.

టిష్యూ కాగితం ఒకటి నీటి మీద పరిచి మెల్లగా పక్కకి లాగండి, తెట్టు దానికే అంటుకుని వచ్చేస్తుంది. కాగితానికి చిక్కుకున్న పిల్లల్ని మాత్రం డ్రాపర్‌తో నీళ్లు చల్లి వదిలించండి, పాపం. వాసన వస్తుంటే నీళ్లే మార్చేయండి. కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది, మూత తీసి ఒక రోజు ఉంచాకే వాడండి.

కుక్క బిస్కెట్, ఈస్ట్ పొడిని మెత్తగా నూరి జల్లించి, చిటికెడే చల్లండి. అది అయిపోయాకే మళ్లీ వేయాలి. ట్రేలో లార్వాలు 200 మించకపోతే మంచిది. గది 27 డిగ్రీల దగ్గర, తేమ 70–80 శాతం ఉండాలి. ఎండాకాలంలో రాత్రి ఏసీ ఆగిపోతోందేమో కూడా చూసుకోండి.

ఆదివారం సెలవని శనివారమే రెండింతల మేత వేయకండి. మా దగ్గర అలాగే సోమవారానికి ఆరు ట్రేలు పోయాయి.