ముందు గోడ లోపల, తర్వాతే గోడ మీద

అమ్మలూ,

నీ ఇల్లు ఎలా ఉండాలో చూపిస్తూ నువ్వు పంపిన ఫొటోలన్నీ చూశాను. అందంగానే ఉన్నాయి. అయితే వాటిల్లో ఒక్క వంటింట్లోనూ పొయ్యి వెలగడం లేదు, ఒక్క బాత్రూంలోనూ నేల తడిగా లేదు. అందుకే రంగుల జోలికి, హ్యాండిళ్ల జోలికి నేను పోను. నువ్వడిగిన వంటిల్లు, బాత్రూం, లైట్లు మూడింటికీ నాది ఒకటే లెక్క. తర్వాత మార్చడం ఏది కష్టమో దాన్ని ముందు తేల్చుకో, డబ్బు కూడా ముందు దాని మీదే పెట్టు. పైపులు, నేల వాలు, వైర్లు, గాలి బయటికి పోయే దారి ఒకసారి గోడలోకి వెళ్లాక మళ్లీ ముట్టుకోవాలంటే సుత్తె పట్టుకోవాల్సిందే. అలమరా తలుపుల రంగు ఎప్పుడైనా మార్చుకోవచ్చు. జనం చాలామంది తలుపుల రంగు మీద నెల రోజులు కొట్టుకుని, పైపుల సంగతి ప్లంబర్‌కి వదిలేస్తారు.

వంటింటి ప్లాట్‌ఫాం ఎత్తు ఎంత పెట్టాలని మేస్త్రిని అడిగితే అలవాటు కొద్దీ ఒక అంకె చెప్పేస్తాడు. మామూలుగా 85 నుంచి 90 సెంటీమీటర్లు పెడతారు. నువ్వు మాత్రం నిటారుగా నిలబడి, మోచెయ్యి వంచి, నేల నుంచి మోచేతి దాకా కొలిపించుకో. అందులోంచి 10 నుంచి 15 సెంటీమీటర్లు తీసేస్తే కూరగాయలు తరగడానికి నీకు సరిపడే ఎత్తు వస్తుంది. పొయ్యి దగ్గర ఇంకాస్త తక్కువుంటే మేలు, ఎందుకంటే పొయ్యి ఎత్తూ దాని మీద గిన్నె ఎత్తూ కలుస్తాయి. సింకు దగ్గర దీనికి ఉల్టా. అక్కడ చేతులు పనిచేసేది సింకు అడుగున కాబట్టి అంచు కొంచెం పైకి ఉండాలి. మూడు ఎత్తులు పెట్టడం అందరికీ కుదరదు. కుదరకపోతే కనీసం మరీ లోతైన సింకు కొనకు. ఎన్ని గిన్నెలు పడేసినా కనబడవని లోతైనది తెచ్చుకుంటారు గానీ, రోజూ రెండుపూటలా దాని మీద వంగితే నడుము ఊరుకోదు. మీ ఇద్దరిలో ఎక్కువసేపు వంట చేసేది అల్లుడైతే అతని మోచెయ్యే కొలిపించు, అందులో మొహమాటం దేనికి?

ఇల్లు చిన్నదని నువ్వు పదేపదే రాశావు. 1926లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో కట్టే ఇళ్ల కోసం మార్గరెట్ షూట్టె లిహోట్స్కీ అనే ఆర్కిటెక్ట్ ఒక వంటిల్లు గీసింది. వెడల్పు సుమారు 1.9 మీటర్లు, పొడవు 3.4 మీటర్లు, అంతే. వంట చేసే మనిషి ఎన్ని అడుగులు వేస్తుంది, ఏ పనికి ఎంతసేపు పడుతుంది అని చూసుకుని మరీ సామాన్లకు చోటు పెట్టింది. ఈరోజు మనం మాడ్యులర్ కిచెన్ అంటున్నదానికి పునాది అదేనంటారు. కాబట్టి చోటు తక్కువని బెంగ పెట్టుకోకు. సింకు, పొయ్యి, ఫ్రిజ్ మూడింటి మధ్యా నువ్వు ఎలా తిరుగుతావో చూసుకో. ఒకదాన్నుంచి ఇంకోదానికి దూరం 1.2 మీటర్ల కన్నా తక్కువైతే ఇరుకు, 2.7 మీటర్లు దాటితే నడకే సరిపోతుంది. మూడు దూరాలూ కలిపి 8 మీటర్ల లోపు ఉండాలి. రెండువైపులా ప్లాట్‌ఫాం వస్తే మధ్యలో ఒకరికైతే 105, ఇద్దరు తిరిగేటట్టయితే 120 సెంటీమీటర్ల దారి వదులు. నేల మీద సుద్దముక్కతో గీసుకుని, ఫ్రిజ్ తలుపు తెరిచినట్టు, వంగి డ్రాయరు లాగినట్టు ఒకసారి నటించి చూడు. నవ్వుతారని సిగ్గుపడకు, వడ్రంగి వచ్చాక నవ్వడానికి ఎవరికీ తీరిక ఉండదు.

సింకుకీ పొయ్యికీ మధ్య కనీసం 60 సెంటీమీటర్ల ఖాళీ ప్లాట్‌ఫాం ఉండాలి. కడిగినవి తరిగేదీ, తరిగినవి పెట్టుకునేదీ అక్కడే. దాన్ని మిక్సీతోనో డబ్బాలతోనో నింపావంటే ఎంత పెద్ద వంటిల్లయినా ఇరుకే. కింద అరల బదులు వీలైనన్ని డ్రాయర్లు పెట్టించు. అరలో వెనకపడ్డ గిన్నె కోసం మోకాళ్ల మీద కూర్చోవాలి, డ్రాయరు లాగితే అదే నీ ముందుకొస్తుంది. ఖర్చు ఎక్కువే, ఒప్పుకుంటాను. దానికి బదులు పైన సీలింగ్ దాకా పోయే అరల్లో కొన్ని మానెయ్. స్టూలెక్కి తీసేవి ఏడాదికి ఎన్నిసార్లు వాడతావు? ఇంకోటి, కింది అలమరాల అడుగున కాలివేళ్లు దూరేలా 10 సెంటీమీటర్ల ఎత్తు, 7 లేదా 8 సెంటీమీటర్ల లోతు ఖాళీ వదలమను. అది లేకపోతే వెనక్కి నిలబడి ముందుకు వంగుతూ పని చేయాల్సొస్తుంది.

సింకు కింద అలమరాకి మాత్రం మంచి సరుకు వాడు. కలప పొట్టుని నొక్కి చేసిన బోర్డులు నీళ్లు తగిలితే ఉబ్బుతాయి, తర్వాత వాటికి మందు లేదు. నీళ్లకు ఆగే ప్లైవుడ్ తీసుకుని, కోసిన అంచులన్నీ సీలు చేయించు. పైపు కోసం వేసిన రంధ్రం అంచు కూడా, చాలామంది అది మర్చిపోతారు. రాయి సంగతికొస్తే, పాలరాయి మీద నిమ్మరసం, వెనిగర్ పడితే మెరుపు పోయి మచ్చ ఉండిపోతుంది. క్వార్ట్జ్ పలకలో రెజిన్ అనే జిగురు ఉంటుంది కాబట్టి పొయ్యి మీంచి దించిన గిన్నె నేరుగా పెట్టకూడదు. రోజూ గట్టిగా వాడే వంటింటికి గ్రానైట్‌నే నేను నమ్ముతాను. ఫ్యాషన్ పోయిందంటారు, పోనీ.

చిమ్నీ పొయ్యికి 65 నుంచి 75 సెంటీమీటర్ల పైన ఉండాలి. దాని గొట్టం వీలైనంత పొట్టిగా, వంపులు తక్కువగా ఉండి బయటికి పోవాలి. గొట్టం లేకుండా బొగ్గు ఫిల్టర్‌తో పనిచేసేవి జిడ్డునీ వాసననీ కొంత పట్టుకుంటాయి గానీ వేడినీ ఆవిరినీ తిరిగి ఇంట్లోకే వదులుతాయి. గోడకి రంధ్రం టైల్స్ వేయకముందే పడాలి, అందుకే ఈ నిర్ణయం ఇప్పుడే చెయ్యి. ప్లగ్ పాయింట్లు కూడా అంతే. ఈరోజు ఉన్నవీ, రేపు కొనబోయేవీ అన్నీ లెక్కేసుకో. ఓవెన్, ఇండక్షన్ లాంటి ఎక్కువ కరెంటు లాగేవాటికి విడిగా లైను లాగమను.

ఇక బాత్రూం. నువ్వు టైల్స్ డిజైన్ గురించి రెండు పేజీలు రాశావు, నీళ్ల గురించి ఒక్క ముక్క లేదు. టైల్స్ నీళ్లని ఆపవు తల్లీ. వాటి మధ్య జాయింట్లలోంచి నీళ్లు నిదానంగా కిందికి దిగుతూనే ఉంటాయి. ఆపేది వాటి కింద వేసే వాటర్‌ప్రూఫింగ్ పొర. నేలంతా, గోడా నేలా కలిసే మూలల్లో, పైపులు బయటికొచ్చే రంధ్రాల చుట్టూ, షవర్ ఉన్న గోడల మీద మనిషెత్తు దాకా అది రావాలి. అది ఆరాక, టైల్స్ వేయకముందు, నీళ్లు బయటికి పోయే జాలీ మూసేసి నేల మీద నీళ్లు నిలబెట్టించు. 24 గంటలు తప్పనిసరి, 48 గంటలైతే నాకు నిద్ర పడుతుంది. కింద అంతస్తు సీలింగ్ మీదా, పక్క గది గోడ అడుగునా చెమ్మ కనిపించకపోతేనే టైల్స్ వాడిని రానివ్వు. పని ఆగిపోతోందని ఎవరెంత తొందరపెట్టినా ఒప్పుకోకు. మొత్తం ఇంట్లో నువ్వు మొండికేయాల్సింది ఏదైనా ఉంటే అది ఇదే.

నేల వాలు మీటరుకు 1 నుంచి 2 సెంటీమీటర్లు ఉండాలి, అన్ని వైపుల నుంచీ జాలీ వైపే. టైల్స్ అతికించిన రోజే, సిమెంటు గట్టిపడకముందే, నాలుగు మూలలా మగ్గుతో నీళ్లు పోసి చూడు. ఆ రోజు సరిచేయడం గంట పని, నెల తర్వాత పగలగొట్టడమే. జాలీ తలుపుకి దూరంగా, స్నానం చేసేచోటే ఉండాలి. వాడని బాత్రూంలో దుర్వాసన వస్తే ముందు ప్లంబర్‌ని తిట్టకు. జాలీ కింద వంపులో నిలబడే నీళ్లే మురుగు గాలిని అడ్డుకుంటాయి, వాడకపోతే అవి ఆవిరైపోతాయి. అప్పుడప్పుడూ ఒక మగ్గు నీళ్లు పోస్తే చాలు.

స్నానం చేసే చోటునీ మిగతా చోటునీ విడదీయడం మంచిదే. అద్దం గోడ ఫొటోలో బాగుంటుంది, కానీ ఉప్పునీళ్లయితే రోజూ తుడవకపోతే తెల్లమచ్చలు పడతాయి. తుడిచే ఓపిక లేకపోతే సగం గోడ కట్టించుకో. నేలకి మెరిసే టైల్స్ వద్దు. జారకుండా ఉండేవాటి మీద ఆర్10, ఆర్11 అని రాసి ఉంటుంది, అంకె పెరిగేకొద్దీ పట్టు ఎక్కువ. షవర్ కింద చిన్న చిన్న టైల్స్ వేయిస్తే జాయింట్లు ఎక్కువై కాలికి పట్టు దొరుకుతుంది, వాలు కూడా సులువుగా కుదురుతుంది. మెరుపు మీద మనసు పడితే గోడలకి వేయించుకో.

మీ అత్తగారు మీతోనే ఉంటారన్నావు కదా. తలుపు బయటికి తెరుచుకునేలా పెట్టించు. లోపల ఎవరైనా పడిపోతే, లోపలికి తెరుచుకునే తలుపుని ఆ మనిషే అడ్డుకుని ఉంటారు. గడప లేకుండా చూడు. పట్టుకునే కడ్డీ ఇప్పుడే వద్దనుకుంటే మానెయ్, కానీ 85 నుంచి 90 సెంటీమీటర్ల ఎత్తులో కడ్డీ బిగించడానికి ఆధారం మాత్రం గోడలో ఇప్పుడే పెట్టించు. ఎగ్జాస్ట్ ఫ్యాను గాలిని బయటికి లాగాలంటే ఎక్కడో లోపలికి గాలి రావాలి, కాబట్టి తలుపు కింద సందు ఉండాలి. స్నానమయ్యాక పావుగంట, ఇరవై నిమిషాలు దాన్ని తిరగనివ్వు. 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే కరెంటు కట్టేసే బ్రేకర్ లేకుండా బాత్రూంలో గీజర్ పెట్టొద్దు. టైల్స్ వేయకముందు ప్రతి గోడకీ కొలత టేపు ఆనించి, పైపులూ వైర్లూ కనబడేలా ఫొటోలు తీసుకో. ఎప్పుడో మేకు కొట్టాల్సొచ్చినప్పుడు నన్ను తలుచుకుంటావు.

లైట్ల విషయంలో అందరూ సీలింగ్ నిండా రంధ్రాలు చేయిస్తున్నారు. అన్ని లైట్లున్నా తరిగేచోట చీకటే ఉంటుంది, ఎందుకంటే వెలుతురు వెనక నుంచి వస్తే నీ తల నీడే కత్తి మీద పడుతుంది. పై అలమరాల అడుగున, గోడవైపు కాకుండా ముందు అంచు దగ్గర, పొడుగు లైటు పెట్టించు. పైన పాలరంగు మూత ఉన్నది తీసుకో, లేకపోతే నల్లని నున్నటి రాయి మీద ఒక్కో చుక్కా మెరుస్తూ కళ్లలోకి కొడుతుంది. బాత్రూం అద్దానికీ ఇదే సంగతి. నెత్తిమీద ఒకే లైటు ఉంటే కళ్ల కింద, గడ్డం కింద నీడలు పడతాయి. ముఖం ఎత్తులో రెండువైపులా పెట్టించు.

బల్బు కొనేటప్పుడు వాట్లు చూడకు, ల్యూమెన్లు చూడు, వెలుతురు కొలత అదే. పాతకాలపు 60 వాట్ల బల్బు ఇచ్చినంత వెలుతురు, అంటే సుమారు 800 ల్యూమెన్లు, ఇప్పుడు 8 నుంచి 10 వాట్ల ఎల్‌ఈడీ ఇస్తుంది. డబ్బా మీద కెల్విన్ అంకె ఉంటుంది. 2700 నుంచి 3000 అంటే పసుపుపచ్చని వెలుగు, పడగ్గదికీ హాల్‌కీ బాగుంటుంది. వంటింటికి 4000 సరిపోతుంది. 6500 నీలంగా, దుకాణంలా ఉంటుంది, నాకు నచ్చదు. ఏది పెట్టినా ఒకే గదిలో రెండు రకాలు కలపకు. సీఆర్‌ఐ అని ఇంకో అంకె ఉంటుంది. అది 90 దాటితే రంగులు ఉన్నవి ఉన్నట్టు కనబడతాయి, వంటింట్లోనూ అద్దం దగ్గరా దానికి నాలుగు డబ్బులు ఎక్కువ పెట్టినా తప్పులేదు.

పెద్దవాళ్ల కళ్లకి వెలుతురు ఎక్కువ కావాలి. అరవై ఏళ్ల కంటి లోపలికి చేరే వెలుతురు, ఇరవై ఏళ్ల కంటితో పోలిస్తే దాదాపు మూడోవంతే. అలాగని మీ అత్తగారి గదిలో పెద్ద లైటు బిగించి ఊరుకోకు. రాత్రి లేచి బాత్రూంకి వెళ్లే దారిలో, మోకాలి కింది ఎత్తులో, మనిషి కదిలితే వెలిగే చిన్న పసుపుపచ్చని లైట్లు పెట్టించు. కళ్లు జిగేల్మనవు, నిద్రా చెదరదు. మంచం పక్కన ఒక స్విచ్చు, తలుపు దగ్గర ఒక స్విచ్చు, రెండూ ఒకే లైటుకి ఉండాలి. వైర్లు గోడలోకి పోకముందు ఇది చెప్పకపోతే తర్వాత కుదరదు.

ఎల్‌ఈడీ స్ట్రిప్‌లో లైటు కన్నా ముందు పోయేది సాధారణంగా దానికి కరెంటు అందించే డబ్బా, అంటే డ్రైవరే. ఫాల్స్ సీలింగ్ లోపల దాన్ని ఎక్కడ పెడుతున్నారో అడుగు, చెయ్యి దూరే చోట లేకపోతే ఒప్పుకోకు. టైల్స్ ఒక పెట్టె ఎక్కువ కొని అటక మీద పడెయ్, రెండోసారి కొన్నప్పుడు అదే రంగు దొరక్కపోవచ్చు. ప్లంబర్ పని మొదలుపెట్టకముందే ప్లాన్ మీద నీ మోచేతి కొలత, జాలీ చోటు, చిమ్నీ రంధ్రం, స్విచ్చులు అన్నీ గుర్తుపెట్టి పంపు, చూసి ఫోన్ చేస్తాను. అల్లుడిని అడిగానని చెప్పు.

మీ పెదనాన్న