సమాధానం: కంట్రోల్ రూమ్‌లో అందరూ ఒకేసారి అరుస్తుంటే

తమ్ముడూ, మీరు ఆడే ఉత్తుత్తి అంతరిక్ష యాత్రలో (సిమ్యులేషన్‌లో) కావాలని ఒక లోపం పెట్టగానే కంట్రోల్ రూమ్‌లో పదిమందీ ఒకేసారి అరుస్తున్నారని, వ్యోమగాములుగా కూర్చున్నవాళ్లకు ఏమీ అర్థం కావడం లేదని రాశావు. హ్యూస్టన్‌లోని నాసా కంట్రోల్ రూమ్ పద్ధతి పెట్టండి. వ్యోమగాములతో మాట్లాడే బాధ్యత ఉన్న క్యాప్‌కామ్ ఒక్కరే మాట్లాడాలి, మిగతావాళ్లు గదికి పెద్ద అయిన ఫ్లైట్ డైరెక్టర్‌కే చెప్పాలి. మా స్కూల్లో మైక్ ఒక్కటే ఉంచాం, రెండో వారానికే గది సద్దుమణిగింది.

మిషన్ మధ్యలో ఆగిందని బాధపడొద్దు. 1969 జులైలో, మనుషులు తొలిసారి చంద్రుడి మీద దిగిన అపోలో 11 యాత్రకు ముందు చేసిన సిమ్యులేషన్‌లో కంప్యూటర్ అలారం చూసి, అవసరం లేకపోయినా ల్యాండింగ్ రద్దు చేశారు. ఆ తర్వాతే ఏ అలారానికి ఏం చేయాలో కాగితం మీద రాసి పెట్టుకున్నారు. అసలు ల్యాండింగ్‌లో 1202 అలారం (కంప్యూటర్ మీద పని భారం ఎక్కువైందనే హెచ్చరిక) వస్తే ఆ జాబితా ఎంతో ఆదుకుంది, సెకన్లలో 'గో' (కొనసాగించండి) అని చెప్పగలిగారు. మీరూ అలాంటి కాగితం ప్రతి డెస్క్‌కూ అంటించండి. లోపాలు పెట్టే అబ్బాయిని మాత్రం వేరే గదిలో కూర్చోబెట్టండి, ముఖం చూసి కనిపెట్టేస్తారు.