చెక్క ఎర గిరగిర తిరగకుండా ఉండాలంటే

ఆరణియార్ జలాశయంలో కొరమీను కోసం మీరు చేప ఆకారంలో చెక్కిన ఎర, లాగిన ప్రతిసారీ వెల్లకిలా పడి తిరుగుతోందంటే, బరువు కోసం లోపల పెట్టిన సీసం పొట్ట అడుగున కాక మధ్యకో పైకో చేరి ఉండవచ్చు. మూతి రేకును (ఎర ముందు భాగాన బిగించే పలుచని పలకను) మార్చినంత మాత్రాన అది సరికాదు.

1. సీసాన్ని తొలగించి, రంధ్రాన్ని చెక్కపొడి, జిగురుతో పూడ్చి, చెక్క నీరు పీల్చకుండా ఒక పూత వార్నిష్ వేసి ఆరనివ్వండి.

2. చాలామంది వదిలేసే పని ఇదే. గాలాలు, రింగులు, మూతి రేకు అన్నీ తగిలించిన తరువాతనే ఎరను బకెట్ నీటిలో వేయాలి. ఎందుకంటే గాలాల బరువు కూడా తూకాన్ని మారుస్తుంది. సీసపు ముక్కను పొట్ట కింద టేపుతో తాత్కాలికంగా అంటించి, ఎరను వేలితో పక్కకు వంచి వదిలినప్పుడు తనంతట తానే పొట్ట కిందికి ఉండేలా సర్దుకునేదాకా దానిని ముందుకూ వెనక్కూ జరుపుతూ చూడండి. ఆ చోటు గుర్తించాకే, పొట్ట మధ్యగీత మీద రంధ్రం చేసి సీసాన్ని అమర్చండి. సీసం పట్టుకున్న చేతులను సబ్బుతో కడుక్కోవాలి.

3. ఆపై మూతి రేకు నడిమి గీతకు సరిగ్గా కూర్చున్నదో లేదో ఎదురుగా పట్టుకొని చూడండి.

4. అప్పటికీ ఎర ఎడమవైపుకే పోతుంటే, దారం కట్టే కొక్కేన్ని కొద్దిగా కుడివైపుకు వంచండి.

చెక్క విషయానికొస్తే, పునికి వంటి తేలిక కర్ర మేలు; మన శేషాచలం ఎర్రచందనం, చట్టం సంగతి అటుంచినా, నీటిలో మునిగిపోతుంది.