దుకాణంలో దోపిడీ జరుగుతుంటే లైసెన్స్ తుపాకీ ఉన్నవాళ్లు కాల్చవచ్చా?

ఎవరి ప్రాణమైనా అప్పటికప్పుడు పోయేలా ఉంటే తప్ప తుపాకీ తీయకూడదు, పక్కకు తప్పుకుని 112కు ఫోన్ చేయాలి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న నేర చట్టం, భారతీయ న్యాయ సంహిత, పక్కవాళ్లను కాపాడే హక్కు కూడా ఇస్తుంది. కానీ 37వ సెక్షన్ ప్రకారం, అవసరానికి మించి హాని చేస్తే ఆ హక్కు వర్తించదు.

విజయవాడ బీసెంట్ రోడ్డులో సాయంత్రం ఓ నగల షాపు అనుకోండి. దొంగ సేల్స్ అమ్మాయి మెడ మీద కత్తి పెట్టి పొడవబోతున్నాడు, ఆపడానికి వేరే దారి లేదు. అప్పుడు కాల్చినా చట్టం అండగా ఉంటుంది. అదే దొంగ సంచితో జనంలోకి పరుగెత్తాక కాల్చారా, కేసు మీ మీదకే రావచ్చు. ఆ రద్దీలో గుండు ఏ పసిబిడ్డకు తగులుతుందో! బండి నంబరు, చొక్కా రంగు గుర్తుపెట్టుకుని పోలీసులకు చెప్పండి.

లైసెన్స్ ఉంటే దొంగను కాల్చే అధికారం ఉన్నట్టే అని చాలామంది అనుకుంటారు. అది ఆయుధం దగ్గర ఉంచుకోవడానికి ఇచ్చిన అనుమతి మాత్రమే.