బెర్లిన్ సంతలో కొన్న సోవియట్ మెడల్స్ గురించి మేనల్లుడికి

చిరంజీవి అల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. నువ్వు పంపిన ఫోటోలు చూశాను. మౌర్‌పార్క్ ఆదివారం సంతలో ఆరు మెడల్స్, ఒక చిన్న ఎర్ర పుస్తకం, అన్నీ ఒకే సైనికుడివని చెప్పి అమ్మాడన్నావు. అసలువో నకిలీవో చెప్పమన్నావు. ఫోటో చూసి అలాంటి మాట ఎవరు చెప్పినా నమ్మకు. నేనూ చెప్పను. ఎలా తేల్చుకోవాలో మాత్రం రాస్తాను, ఓపిగ్గా చదువు.

నువ్వు అడిగింది ఒక్క ప్రశ్నే అయినా అందులో రెండున్నాయి. మెడల్ అసలుదేనా అన్నది మొదటిది. ఈ ఆరూ ఒకే మనిషి కోటు మీద ఉన్నవేనా అన్నది రెండోది. మొదటిదాని గురించే అందరూ కంగారు పడతారు. కొన్నవాళ్లు మోసపోయేది ఎక్కువగా రెండోదాని దగ్గరే. ఆరు మెడల్సూ అసలువే కావచ్చు, కానీ ఆరుగురివి తెచ్చి ఒక పట్టీకి తగిలించి ఉండవచ్చు. సెట్టుకు ధర ఎక్కువ కాబట్టి ఆ పని చేస్తారు.

అందుకని పుస్తకంతో మొదలుపెట్టు. అది ఆర్డర్ల పుస్తకం; ఆర్డర్ అంటే మామూలు మెడల్ కంటే పై స్థాయి అవార్డు. అందులో మనిషి ఇంటిపేరు, పేరు, తండ్రి పేరు, ఇచ్చిన అవార్డులు, వాటి నంబర్లు, ఏ తేదీ ఉత్తర్వు ప్రకారం ఇచ్చారన్నది ఉంటాయి. ముందు నీ ఆరింటిలో ఉన్న ఎర్రతార ఆర్డర్ వెనక నంబరును పుస్తకంలో నంబరుతో అంకె అంకె పోల్చు. 1, 7 అంకెల దగ్గర జాగ్రత్త, రష్యన్ చేతిరాతలో అవి ఒకలాగే ఉంటాయి. పుస్తకంలో సుప్రీం సోవియట్ (అక్కడి పార్లమెంటు) అధ్యక్షవర్గ కార్యదర్శి ముద్రసంతకం కూడా చూడు. గోర్కిన్ సంతకం ఉంటే 1938 నుంచి 1950ల దాకా ఎప్పుడైనా ఇచ్చి ఉండవచ్చు. గియోర్గాద్జే అయితే 1957కీ 1982కీ మధ్య. యుద్ధకాలపు అవార్డుకు గియోర్గాద్జే సంతకం ఉందని గాభరా పడకు, పాతవి చిరిగిపోతేనో పోతేనో కొత్త పుస్తకాలు ఇచ్చేవారు. కానీ పుస్తకాన్నే 1946లో ఇచ్చినట్టు తేదీ వేసి కింద గియోర్గాద్జే పేరు ఉంటే ఆ పుస్తకాన్ని పక్కన పెట్టెయ్.

ఇక ఎర్రతారను తిప్పి, పది రెట్లు పెద్దది చేసి చూపే భూతద్దం పెట్టి చూడు. వెనక ‘మొనెత్‌నీయ్ ద్వోర్’ అంటే టంకశాల ముద్ర, దాని కింద నంబరు ఉంటాయి. నంబరు చేత్తో చెక్కినది కాబట్టి గీతలో సన్నని వణుకు, మలుపు దగ్గర లోతు తేడా కనిపిస్తాయి. గీతల అడుగున నల్లబడిన వెండి ఉండాలి. పాత నంబరు అరగదీసి కొత్తది చెక్కితే చుట్టూ ఉన్న వెండి కొంచెం పల్లంగా, మిగతా భాగం కంటే మెరుపుగా ఉంటుంది. పక్క నుంచి టార్చిలైటు వేస్తే ఆ పల్లం తెలిసిపోతుంది. తర్వాత ముందు వైపు తిప్పు. అసలు ఎనామిల్ మాణిక్యం రంగులో, లోపలి లోహపు గరుకుతనం కనిపించేంత పారదర్శకంగా ఉంటుంది. పెచ్చు ఊడినచోట రంగు పూసి ఉంటే అక్కడ కాంతి లోపలికి పోదు.

నగల తూకం దొరికితే బరువు కూడా చూడు, కోటుకు బిగించే నట్టు తీసేస్తే 33 గ్రాముల చుట్టుపక్కల ఉండాలి. నట్టును మాత్రం పట్టకారుతో తిప్పకు, వెనక మర విరిగిందంటే అంతే. వాటిని తోమకు కూడా. మన ఇళ్లలో వెండి కనిపిస్తే చింతపండు, విభూతి తీసుకుని కూర్చుంటారు. ఇక్కడ ఆ నలుపే సాక్ష్యం.

ఇప్పుడు నన్ను ఆపేసిన సంగతి. నీ ఆరింటిలో దేశభక్త యుద్ధపు ఆర్డర్ ఒకటుంది (జర్మనీతో చేసిన యుద్ధాన్ని సోవియట్లు అలా పిలిచేవారు). నక్షత్రం వెనక కిరణాలు వెండివి, అంటే రెండో తరగతి. మర కింద కనిపిస్తున్న పనితనాన్ని బట్టి అది 1985లో విజయానికి 40 ఏళ్లు నిండినప్పుడు బతికున్న సైనికులకు ఇచ్చిన రకంలా ఉంది. ఆ ఏడాది మార్చి 11 నాటి ఉత్తర్వు ప్రకారం యుద్ధంలో గాయపడినవాళ్లకూ, యుద్ధకాలంలోనే ఆర్డర్ గానీ, ‘సాహసానికి’, ‘యుద్ధసేవకు’ మెడల్స్ గానీ పొందినవాళ్లకూ మొదటి తరగతి ఇవ్వాలి. మిగతావాళ్లకు రెండోది. నీ పట్టీ మీద ఎర్రతార ఉంది, ‘యుద్ధసేవకు’ మెడల్ ఉంది. రెండూ యుద్ధంలో వచ్చినవే అయితే ఈయనకు మొదటి తరగతి రావాలి కదా?

అలాగని మోసం అనెయ్యకు. 1944 జూన్‌లో వచ్చిన ఉత్తర్వుతో ఎన్నేళ్లు కొలువు చేశారన్నదాన్ని బట్టి కూడా ఇవే అవార్డులు ఇవ్వడం మొదలైంది. పదేళ్లకు ‘యుద్ధసేవకు’ మెడల్, పదిహేనేళ్లకు ఎర్రతార, ఇరవైకి ఎర్రజెండా, పాతికేళ్లకు లెనిన్ ఆర్డర్. 1950ల చివర్లో ఆ పద్ధతి ఆపేశారు. నీ మనిషి బెర్లిన్ దాకా పోరాడి, ఆ తర్వాత సైన్యంలోనే ఉండిపోయి, ఈ రెండూ కొలువు మీద సంపాదించుకుని ఉంటే రెండో తరగతే న్యాయం. ఇది తేలేది పుస్తకంలో ఉన్న తేదీతోనే. నంబరు కూడా సాయం చేస్తుంది: 30 లక్షలు దాటిన ఎర్రతారలు యుద్ధం తర్వాతివి. ‘యుద్ధసేవకు’ మెడల్ వెనక నంబరే లేకపోతే అదీ యుద్ధం తర్వాతదే, కొన్నేళ్లకు వాటికి నంబర్లు వెయ్యడం మానేశారు.

(ఎర్రతారతో మనకూ చిన్న సంబంధం ఉంది. ఇరాన్ మీదుగా సోవియట్ యూనియన్‌కు సరుకులు చేరవేసిన రాయల్ ఇండియన్ ఆర్మీ సర్వీస్ కోర్ నుంచి సుబేదార్ నారాయణరావు నిక్కం, హవల్దార్ గజేంద్ర సింగ్ 1944లో దాన్ని అందుకున్నారు.)

తర్వాత ‘బెర్లిన్ స్వాధీనానికి’, ‘జర్మనీపై విజయానికి’ మెడల్స్. వీటికి నంబర్లుండవు. రెండోదాన్ని దాదాపు కోటిన్నర మందికి ఇచ్చారు. ఎవరైనా పట్టీ మీద ఖాళీ నింపడానికి తగిలించవచ్చు, కనిపెట్టలేం. పేరు రాసిన చిన్న కాగితపు సర్టిఫికెట్లు వీటితో ఉంటేనే అవి ఆయనవని చెప్పగలం. నీకు ఇవ్వలేదన్నావు. వచ్చే ఆదివారం వెళ్లి అమ్మినతన్ని మర్యాదగా అడుగు, పనికిరాని కాగితాలని పక్కన పడేసి ఉంటారు చాలాసార్లు.

కాగితం దొరక్కపోయినా ఒక దారి ఉంది. బెర్లిన్ మెడల్ 1945 ఏప్రిల్ 22 నుంచి మే 2 వరకు జరిగిన దాడిలో నేరుగా పాల్గొన్నవాళ్లది. ఆయన దళం ఆ రోజుల్లో ఎక్కడుందో తెలిస్తే చాలు. మొదటి బెలారష్యన్ ఫ్రంట్, మొదటి ఉక్రేనియన్ ఫ్రంట్ దళాలైతే సరే (ఫ్రంట్ అంటే అనేక సైన్యాలు కలిసిన పెద్ద విభాగం). ఈ ఉక్రేనియన్ ఫ్రంట్‌లో ఉన్నవాళ్లు అక్కణ్ణుంచి ప్రాగ్ వైపు మళ్లారు కాబట్టి ప్రాగ్ మెడల్ కూడా ఉండవచ్చు. ఆ వారమంతా లాత్వియాలోని కుర్లాండ్‌లో ఉన్న దళమైతే బెర్లిన్ మెడల్ ఆయనది కాదు.

దళం తెలుసుకోవడానికి రష్యా రక్షణశాఖ పెట్టిన ‘పోద్విగ్ నరోదా’, ‘పామ్యత్ నరోదా’ వెబ్‌సైట్లలో వెతుకు. పేరు సిరిలిక్ లిపిలోనే కొట్టాలి. ఇవనోవ్ లాంటి పేరైతే వేలమంది వస్తారు, పుట్టిన ఏడు లేకుండా ముందుకు పోలేవు. అవార్డు యుద్ధకాలానిదైతే సిఫారసు పత్రం దొరకవచ్చు. అందులో హోదా, దళం, గాయాలు, చేసిన పని ఉంటాయి, కింద కమాండర్ సంతకం ఉంటుంది. ఒక్కోసారి నాలుగు వాక్యాలే ఉంటాయి, కాల్పుల మధ్య టెలిఫోన్ తీగ ఇన్నిసార్లు అతికాడు అని. నంబర్లతో సహా ఆయన అవార్డులన్నీ ఎక్కించిన కార్డు పొడోల్స్క్‌లోని కేంద్ర ఆర్కైవ్‌లో ఉంటుంది. అది చూస్తే ఇక సందేహమే మిగలదు.

ఆరోది 1975 నాటి ‘విజయానికి 30 ఏళ్లు’. వెనక వైపు ‘ఉచాస్త్‌నికు వొయ్‌నీ’ అని ఉండాలి, అంటే యుద్ధంలో పాల్గొన్నవాడికి. ‘శ్రామిక రంగంలో పాల్గొన్నవాడికి’ అన్న రకం కూడా ఉంది, అది ఫ్యాక్టరీల్లో పనిచేసినవాళ్లది. సంతల్లో ఈ రెంటినీ కలిపేస్తుంటారు.

ఇంత శ్రమ ఎందుకంటావేమో. నేను మాస్కోలో చదువుకునేటప్పుడు మే 9న బొల్షోయ్ థియేటర్ ముందుకు పాత సైనికులు వచ్చేవారు. తమ రెజిమెంట్ నంబరు రాసిన అట్టముక్క పట్టుకుని, పాత స్నేహితుల కోసం జనంలో వెతుక్కునేవారు. కోటు నిండా ఇవే మెడల్స్. 1983లో అదే నగరంలో వైస్ అడ్మిరల్ ఖొలొస్త్యకోవ్‌నూ ఆయన భార్యనూ మెడల్స్ కోసం ఇంట్లోనే చంపేశారు. హంతకులు జర్నలిజం విద్యార్థులమని చెప్పుకుని వచ్చిన జంట. 1990లలో తిండికి లేక అమ్ముకున్నవాళ్లూ ఉన్నారు. సంతకు వచ్చిన ప్రతి సెట్టు వెనకా ఇలాంటిది ఏదో ఒకటి ఉండే వీలుంది. అందుకే ఎక్కడి నుంచి వచ్చిందని అమ్మేవాణ్ణి అడగడం నీ హక్కు, నీ బాధ్యత కూడా. ఎర్రతార ఒక్కటే అమ్మమని ఎవరైనా అడిగితే సెట్టు విడదియ్యకు.

చట్టం మాట కూడా విను. రష్యాలో సోవియట్ అవార్డులు కొనడం, అమ్మడం నేరం, క్రిమినల్ కోడ్ 324వ అధికరణం కిందకు వస్తుంది. మాస్కో మీదుగా ప్రయాణమైతే వీటిని సంచిలో పెట్టుకోవద్దు.

ఇప్పటికి నాలుగు ఫోటోలు పంపు: పుస్తకంలో పేరున్న పేజీ, అవార్డుల పేజీ, ఎర్రతార వెనక వైపు, 1985 ఆర్డర్ వెనక వైపు. కిటికీ దగ్గర పగటి వెలుతురులో తియ్యి, ఫ్లాష్ వద్దు. చేతిరాత నేను చదివిపెడతాను. ‘యుద్ధసేవకు’ మెడల్ వెనక నంబరుందో లేదో మాత్రం ఈ రాత్రే చూసి మెసేజ్ పెట్టు.

ఉంటాను,
మామయ్య