రెడ్ ఫ్లాగ్ ఆర్డర్ అడిగితే ఇంట్లోవాళ్లని అరెస్ట్ చేస్తారా? మా ఇంట్లో జరిగింది చెప్తాను

"అమెరికాలో ఉన్న మా అన్నయ్య డిప్రెషన్‌లో ఉన్నాడు, ఇంట్లో తుపాకీ ఉంది. రెడ్ ఫ్లాగ్ ఆర్డర్ అడిగితే పోలీసులు తలుపులు బద్దలుకొట్టి వచ్చి తీసుకెళ్లిపోతారా, కేసు పడుతుందా, గ్రీన్ కార్డు పోతుందా" అని ఒకరు రాసి అడిగారు. వాళ్లకి నా జవాబు ఇది. రెడ్ ఫ్లాగ్ ఆర్డర్ అంటే, తనకో ఇతరులకో ప్రమాదం తెచ్చేలా ఉన్న మనిషి దగ్గర్నుంచి తుపాకులు కొన్నాళ్లు తీసేయమని కోర్టు ఇచ్చే ఆర్డర్. ఆర్డర్ వచ్చినంత మాత్రాన అరెస్ట్ ఉండదు. అది సివిల్ ఆర్డర్, క్రిమినల్ కేసు కాదు. తుపాకులు తీసుకెళ్తారు, మనిషి ఇంట్లోనే ఉంటాడు. ఆర్డర్ వచ్చాక కూడా తుపాకీ దాచుకున్నా, కొత్తది కొన్నా అప్పుడు నేరం అవుతుంది. ఇమిగ్రేషన్ మీద భయమంతా అక్కడ ఉండాలి, ఆర్డర్ దగ్గర కాదు. అయినా ఒకసారి ఇమిగ్రేషన్ లాయర్‌ని అడగండి.

మేం ఉండేది వాషింగ్టన్ రాష్ట్రంలో, సియాటిల్‌కి దగ్గర్లో. ఇక్కడ ఈ చట్టం 2016 నవంబర్‌లో జనం ఓటేసి తెచ్చుకున్నది, ఇనిషియేటివ్ 1491 అంటారు. మా బాబాయి కొడుకు విషయంలో మా మరదలు కోర్టుకెళ్లింది. పక్కన కూర్చుని కాగితాలు పూర్తి చేయించింది నేను. అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

మావాడికి గ్రీన్ కార్డు వచ్చాక షూటింగ్ రేంజ్ అలవాటైంది. రెండు పిస్టళ్లు, ఒక రైఫిల్ కొన్నాడు. తర్వాత ఉద్యోగం పోయింది. ఇంటి లోను, పిల్లల ఫీజులు, చివరి రౌండ్ దాకా వెళ్లి పోయే ఇంటర్వ్యూలు. నిద్ర పోవడం మానేశాడు. ఒక రాత్రి మరదలు మంచినీళ్ల కోసం కిందికి దిగితే గరాజ్‌లో లైటు వెలుగుతోంది. కారు బంపర్‌కి ఆనుకుని నేల మీద కూర్చున్నాడు, ఒళ్లో పిస్టల్. "నేను పోతే ఇన్సూరెన్స్ డబ్బులతో మీ ముగ్గురూ హాయిగా ఉంటారు" అన్నాడట, గొంతు కూడా పెంచకుండా. తెల్లారగానే నాకు ఫోన్ చేసి "బావగారూ, నాకు ఆయన మీద కోపం లేదు, ఆ డబ్బా ఇంట్లోంచి పోవాలి అంతే" అంది. డబ్బా అంటే క్లాజెట్‌లో ఉన్న గన్ సేఫ్.

ఇక చుట్టాల సంగతి. తెనాలి నుంచి బాబాయి వీడియో కాల్‌లో "కోర్టులూ అవీ వద్దురా, నేను మాట్లాడతాను, పరువు పోతుంది" అన్నారు. ఇక్కడ అసోసియేషన్‌లో ఒక పెద్దాయన, వీకెండ్ ఇద్దర్నీ కూర్చోబెట్టి సర్ది చెబుతానన్నారు. మనవాళ్లకి ప్రతిదానికీ పంచాయితీ కావాలి. మొగుడూ పెళ్లాల గొడవైతే పర్లేదు, చేయండి. కానీ చచ్చిపోవాలని ఆలోచిస్తున్న మనిషి చేతికందే దూరంలో తుపాకీ పెట్టి, శనివారం దాకా ఆగండి అనడం ఏం పెద్దరికం? అమెరికాలో తుపాకీతో పోయే ప్రాణాల్లో సగానికి పైగా ఆత్మహత్యలే. మాత్రలు మింగిన వాళ్లలో చాలామంది బతికి బయటపడతారు, తుపాకీతో ప్రయత్నించిన వాళ్లలో బతికేది బహు కొద్దిమంది. అందుకే నేను చెప్పేది ఒకటే వరస. ముందు తుపాకీ బయటికి పోవాలి. తర్వాత డాక్టరు, ఆ తర్వాత మాటలు, ఆ తర్వాత కావాలంటే గుడి.

ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పాలి. వాడి స్నేహితుడు ఒకతను మంచి మనసుతో "నేను పట్టుకెళ్లి మా అపార్ట్‌మెంట్‌లో దాస్తాను, కోర్టెందుకు" అన్నాడు. అతను హెచ్-1బి మీద ఉన్నాడు. హెచ్-1బి లాంటి వీసాల మీద ఉన్నవాళ్లు, హంటింగ్ లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులు తప్ప, తుపాకీ దగ్గర పెట్టుకోవడమే ఫెడరల్ నేరం. సాయం చేయబోయి అతని బతుకు రోడ్డున పడేది. మనవాళ్లలో ఇది తెలియని వాళ్లు చాలామంది ఉన్నారు, దయచేసి పదిమందికీ చెప్పండి.

పిటిషన్ సంగతికి వస్తాను. మా రాష్ట్రంలో కుటుంబ సభ్యులు, ఒకే ఇంట్లో ఉండేవాళ్లు, లేదా పోలీసులు వేయొచ్చు. ఫీజు లేదు, లాయర్ ఉండి తీరాలని లేదు. సుపీరియర్ కోర్టులో వేయాలి, ఫారాలు ఆన్‌లైన్లోనే దొరుకుతాయి. తుపాకులు ఎన్ని, ఏ రకం, ఇంట్లో ఎక్కడున్నాయి అని అడుగుతారు. కింద సంతకం పెట్టేటప్పుడు అబద్ధమైతే శిక్షకు సిద్ధం అని ఒప్పుకుని పెట్టాలి.

అసలు పని అంతా ఏం జరిగిందో రాసే చోట ఉంది. మా మరదలు మొదట "మా ఆయన చాలా డిప్రెషన్‌లో ఉన్నారు, ఎవరి మాటా వినడం లేదు" అని రాసింది. జడ్జికి ఆ మాటతో ఏం పని? ఏ తారీఖు, ఎన్ని గంటలకి, ఎక్కడ కూర్చున్నాడు, చేతిలో ఏముంది, ఏమన్నాడు, ఎవరు విన్నారు, అవి రాయాలి. తెలుగులో అన్న మాటని తెలుగు మాటగానే ఇంగ్లీషు అక్షరాల్లో రాసి, కింద అర్థం రాయించాను. గరాజ్ సంగతి రాసేటప్పుడు ఆమె చేయి ఆగిపోయింది. "ఇది ఆయన చదువుతారు కదా" అంది. చదువుతాడు. పిటిషన్ వేసింది ఎవరో, ఏం రాశారో ఆ కాగితాల్లోనే ఉంటుంది, పేరు దాచే వీలు లేదు. ఆ విషయం ముందే తెలుసుకుని మనసు గట్టి చేసుకోండి.

పోలీసుల కోసం వేరే ఒక ఫారం ఉంటుంది. మనిషి ఎలా ఉంటాడు, ఏ కారు, ఏ టైములో ఇంట్లో ఉంటాడు, ఏ భాష మాట్లాడతాడు, ప్రమాదకరమైనవి ఏమున్నాయి అని. చాలామంది దీన్ని గబగబా నింపేస్తారు. నన్నడిగితే పిటిషన్ కన్నా ఇదే ముఖ్యం, ఎందుకంటే తలుపు దగ్గర నిలబడే ఆఫీసర్ చదివేది ఇది. మేం సేఫ్ ఏ గదిలో ఉందో, ఒక పిస్టల్ మంచం పక్క సొరుగులో ఉంటుందని, వాడు పోలీసుల మీద ఎప్పుడూ కోపంగా లేడని, సాయంత్రం నడకకి వెళ్లొచ్చాక కాస్త నెమ్మదిగా ఉంటాడని రాశాం. కుక్క లేదు అని కూడా రాశాం.

జడ్జి ఆ రోజే విన్నారు. అవతలి మనిషి లేకుండానే వింటారు, ఫోన్‌లో కూడా మాట్లాడొచ్చు. తాత్కాలిక ఆర్డర్ ఇచ్చి, 14 రోజుల్లోపు ఇద్దర్నీ పిలిచే హియరింగ్ పెట్టారు. క్లర్క్ ఆఫీసు నుంచి ఆర్డర్ పోలీసులకి వెళ్తుంది. అక్కడ కంప్యూటర్‌లో ఎక్కించేస్తారు కాబట్టి వాడు దుకాణానికెళ్లి కొత్తది కొనాలన్నా బ్యాక్‌గ్రౌండ్ చెక్‌లో ఆగిపోతుంది.

ఆర్డర్ కాగితం వాడికి అందించేది మాత్రం పోలీసులే, చేతికే ఇవ్వాలి. వచ్చే ముందు మా మరదలికి ఫోన్ చేశారు. పిల్లలు ఎక్కడున్నారు, ఆయన తాగి ఉన్నారా, పిస్టల్ ఇప్పుడు ఒంటి మీద ఉందా అని అడిగారు. పిల్లల్ని మా ఇంటికి తెచ్చేశాం. నన్ను వీధి చివర కారులోనే ఉండమన్నారు, అక్కడి నుంచి వాకిలి కనిపిస్తుంది.

ముగ్గురు వచ్చారు, సైరన్ లేదు. కార్లు ఇంటి ముందు కాకుండా రెండిళ్ల అవతల ఆపారు. ఒకామె బయట నుంచే వాడికి ఫోన్ చేసి, మీతో మాట్లాడాలి, ఖాళీ చేతులతో బయటికి రండి అంది. వాడు లుంగీ మీద జాకెట్ వేసుకుని వచ్చాడు. చలికి చేతులు చంకల్లో పెట్టుకోబోతే, అలా వద్దు, కనపడేలా ఉంచండి అని ఆమె మెల్లగా చెప్పింది. నా గుండె ఆగినంత పనైంది. వాకిట్లోనే ఆర్డర్ మొత్తం చదివి వినిపించింది. "నన్ను అరెస్ట్ చేస్తున్నారా" అన్నాడట. "లేదు. తుపాకులు, కన్సీల్డ్ పిస్టల్ లైసెన్సు ఇవ్వండి, మేం వెళ్లిపోతాం" అంది. పిస్టల్‌ని బయటికి కనపడకుండా ఒంటి మీద పెట్టుకుని తిరగడానికి ఇచ్చే లైసెన్సు అది.

లోపల జరిగింది వాడే తర్వాత చెప్పాడు. సేఫ్ నంబరు వాడు చెప్తుంటే ఆఫీసర్ నొక్కాడు, వాడిని ముట్టుకోనివ్వలేదు. ఒక్కోటి తీసి, మ్యాగజైన్ లాగి, ఛాంబర్‌లో బుల్లెట్ లేదని చూసి, ప్లాస్టిక్ టై బిగించి, డైనింగ్ టేబుల్ మీద వరసగా పెట్టారు. సీరియల్ నంబర్లు ఒకరు చదువుతుంటే ఒకరు రాసుకున్నారు. పర్సులోంచి లైసెన్సు కార్డు తీసిచ్చాడు. రసీదు మీద సంతకం, ఒక కాపీ వాడికి, అసలుది కోర్టుకి. మన దగ్గర ఎన్నికల కోడ్ రాగానే లైసెన్సు తుపాకులు స్టేషన్లో డిపాజిట్ చేసి రసీదు తెచ్చుకుంటారే, చూడ్డానికి అచ్చం అలాగే. తేడా ఏంటంటే అక్కడ అధికారి మాట చాలు, ఇక్కడ తుపాకీ రాజ్యాంగ హక్కు కాబట్టి జడ్జి సంతకం కావాలి. వాడు ఇవ్వనని మొండికేసి ఉంటే సెర్చ్ వారెంట్ తెచ్చుకుంటారు. ఆ అవసరం రాలేదు.

వాళ్లు వెళ్లాక నేను లోపలికెళ్లాను. వాడు నా వైపు చూడలేదు. కాగితాలు తిరగేస్తూ మరదలిని "గరాజ్ సంగతి కూడా రాసిచ్చావా" అని అడిగాడు. "రాశాను" అంది. ఆ రాత్రి నేను అక్కడే పడుకున్నాను.

అన్నిచోట్లా ఇంత సాఫీగా జరుగుతుందని నేననను. మేరీల్యాండ్‌లో చట్టం 2018 అక్టోబర్‌లో మొదలైతే, నవంబర్‌లోనే పొద్దున 5 గంటలప్పుడు ఆర్డర్ ఇవ్వడానికి వెళ్లినప్పుడు ఒకాయన తుపాకీతో తలుపు తీశాడు, పెనుగులాటలో పోలీసు కాల్పుల్లో చనిపోయాడు. చీకట్లో నిద్రలేపి తుపాకీ ఇవ్వమంటే ఎవరైనా బెదరరా? అందుకే ఆ సమాచారం ఫారంలో టైము సంగతి వివరంగా రాయమని పోరుతున్నాను.

హియరింగ్ వీడియోలో అయింది. వాడు వచ్చాడు, లాయర్‌ని పెట్టుకోలేదు. జడ్జి నిద్ర గురించి, డాక్టర్ గురించి అడిగి, ఏడాది ఆర్డర్ ఇచ్చారు. మధ్యలో తీసేయమని ఒకసారి అడిగే హక్కు వాడికుంటుంది, గడువు దగ్గరపడ్డప్పుడు పొడిగించమని అడిగే హక్కు మనకుంటుంది. గడువయ్యాక మళ్లీ చెక్ చేసి తిరిగి ఇచ్చేస్తారు. మావాడు మందులు వాడి, ఉద్యోగం తెచ్చుకుని, ఏడాది అయ్యాక పిస్టళ్లు రెండూ డీలర్‌కి అమ్మేసి రైఫిల్ ఉంచుకున్నాడు. నాకు నచ్చలేదు, కానీ అది వాడిష్టం.

"ఎవడికైనా కక్ష ఉంటే తప్పుడు పిటిషన్ వేయొచ్చు కదా" అని వాట్సాప్‌లో తెగ వాదిస్తారు. తెలిసి అబద్ధం రాస్తే వేసినవాడికే శిక్ష పడొచ్చు, రెండు వారాల్లో జడ్జి ముందు నిలబడి తేల్చుకోవాలి. ఇంతకన్నా ఏం రక్షణ కావాలి?

మీ అన్నయ్య ఏ రాష్ట్రంలో ఉన్నాడో రాయలేదు, అదే పెద్ద సమస్య. ఈ చట్టం ఇరవైకి పైగా రాష్ట్రాల్లో ఉంది, ఒక్కోచోట ఒక్కో తీరు. కనెటికట్ 1999లో మొదలుపెట్టింది. కాలిఫోర్నియాలో కుటుంబమే కాదు, కంపెనీ, కొలీగ్స్, టీచర్లు కూడా అడగొచ్చు. మేరీల్యాండ్‌లో డాక్టర్లు వేయొచ్చు. ఫ్లోరిడాలో పార్క్‌లాండ్ స్కూలు కాల్పుల తర్వాత 2018లో తెచ్చారు కానీ పోలీసులే వేయాలి, మీరు వాళ్లకి చెప్పుకోవాలంతే. నాకు ఆ పద్ధతి అస్సలు నచ్చదు, ఇంట్లో మనిషికి తెలిసింది స్టేషన్‌లో కూర్చున్నవాడికి ఏం తెలుస్తుంది? ఇక మనవాళ్లు కిక్కిరిసి ఉన్న డల్లాస్, అట్లాంటాల్లో ఈ దారే లేదు. టెక్సాస్ అయితే 2025లో ఇలాంటి ఆర్డర్లు వద్దని ఏకంగా చట్టం చేసింది. అక్కడ మీ అన్నయ్యనే ఒప్పించి, తుపాకీ పెట్టుకునే హక్కున్న సిటిజన్ దగ్గరో, కొన్నాళ్లు ఉంచుకోవడానికి ఒప్పుకునే గన్ షాపులోనో పెట్టించాలి.

ఒకవేళ మీ అన్నయ్య వదినని కొడుతున్నా, బెదిరిస్తున్నా ఈ ఆర్డర్ సరిపోదు. ఇది మనిషిని ఇంటికి దూరంగా ఉంచదు. దానికి డొమెస్టిక్ వయొలెన్స్ ప్రొటెక్షన్ ఆర్డర్ అడగాలి, అందులో కూడా తుపాకులు అప్పగించమని ఆదేశించొచ్చు.

మీరు ఇండియా నుంచి రాసినట్టున్నారు. పిటిషన్ అక్కడున్న మీ వదిన వేస్తేనే మంచిది, చూసింది ఆమె కాబట్టి. ఆమెకి ఇవాళే ఫోన్ చేసి, మీ అన్నయ్య పక్కన లేనప్పుడు, ఏ రోజు ఏమన్నాడో తారీఖులతో రాసిపెట్టమనండి. కోర్టుకి ఒంటరిగా పంపకండి, తెలిసినవాళ్లు ఒకరు తోడు వెళ్లాలి. ఈలోపు మాట్లాడించడానికి 988 ఉంది, ఆత్మహత్య ఆలోచనలున్నవాళ్ల కోసం అమెరికాలో ఉన్న హెల్ప్‌లైన్ అది, రాత్రీ పగలూ పలుకుతారు. తుపాకీ చేతిలోకి తీసుకున్నాడంటే మాత్రం కోర్టు సంగతి పక్కన పెట్టి, పిల్లల్ని తీసుకుని ఇంట్లోంచి బయటికొచ్చి అక్కడి ఎమర్జెన్సీ నంబరు 911కి ఫోన్ చేయమనండి. ఫోన్ ఎత్తగానే తుపాకీ ఏ గదిలో ఉందో, పిల్లలు ఎక్కడున్నారో చెప్పమనండి.